పొడుగు గ్లాసులో నీళ్ళెక్కువ అన్న పిల్లాడికి ఏం చెప్పాలి

నాలుగైదేళ్ళ పిల్లలతో పనిచేసే టీచర్లు, ఆ వయసు పిల్లలున్న అమ్మానాన్నలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్ళు పోశాం, రెండూ సమానమేనని పిల్లాడే ఒప్పుకున్నాడు, తర్వాత వాడి కళ్ళముందే ఒక గ్లాసులో నీళ్ళు సన్నటి పొడుగు గ్లాసులోకి వంపాం, ఇప్పుడు ఎందులో ఎక్కువున్నాయి అంటే టక్కున పొడుగు గ్లాసు చూపించాడు, ఒక్క చుక్క కూడా కలపలేదు కదరా అన్నా వినడం లేదు, మరి వీడికి అర్థమయ్యేలా ఎలా చెప్పాలి అని. నేను ఎప్పుడూ ఒకటే మాట అంటాను, చెప్పొద్దు, అడగండి. ఎందుకలా అనుకుంటున్నావ్ నాన్నా అని అడిగి వాడు చెప్పేదంతా వినండి. అలా అంటే చాలామందికి నేను ప్రశ్న దాటేశాననిపిస్తుంది, అందుకే ఈసారి వివరంగా రాద్దామనుకున్నా.

సైకాలజీ పుస్తకాల్లో దీన్ని పదిలపరచుకునే భావన అని రాస్తారు, మాటల్లో మాత్రం అందరం కన్జర్వేషన్ అనే అంటాం. ఏదీ కలపకుండా, ఏదీ తీయకుండా ఉన్నంతవరకూ ఆకారం మారినా, గిన్నె మారినా, పేర్చిన వరస మారినా మొత్తం మాత్రం మారదు అనే నమ్మకం. పెద్దవాళ్ళకి ఇది ఎంత ఒంటపట్టేసి ఉంటుందంటే ఒకప్పుడు మనకీ ఇది తెలీదన్న సంగతే గుర్తుండదు. ఆ గుర్తులేకపోవడం వల్లే పిల్లాడు పొడుగు గ్లాసు చూపించగానే వీడు సరిగ్గా చూడలేదేమో, ప్రశ్న అర్థం కాలేదేమో, లేదా కొంచెం వెనకబడ్డాడేమో అని కంగారు పడిపోతాం.

పిల్లలు ఎలా ఆలోచిస్తారో జీవితమంతా పరిశోధించిన సైకాలజిస్ట్ జాన్ పియాజే అలా కంగారు పడకుండా అక్కడే ఆగి చూశాడు. 1896లో స్విట్జర్లాండ్‌లో పుట్టిన ఆయన మొదట జీవశాస్త్రం చదివిన మనిషి, డాక్టరేట్ కూడా నత్తలు గుల్లల్లాంటి జీవుల మీదే. 1920 ప్రాంతంలో పారిస్‌లో థియోడర్ సిమోన్ అనే సైకాలజిస్ట్ ఆయనకి ఒక పని అప్పగించాడు, పిల్లల తెలివితేటలు కొలిచే ప్రశ్నలు బళ్ళో పిల్లలకిచ్చి ఏ వయసులో ఎంతమంది సరిగ్గా చెప్తున్నారో లెక్కకట్టడం. ఆ పనిలో అందరికీ కావాల్సింది సరైన సమాధానాలు. పియాజేకి మాత్రం తప్పు సమాధానాల మీద మనసు పోయింది, ఎందుకంటే ఒక వయసు పిల్లలందరూ ఒకే రకం తప్పు చేస్తున్నారు, ఊరికే నోటికొచ్చింది చెప్తే తప్పులు అలా ఒక్క దారిలో రావు కదా. ఆ తప్పు వెనక ఒక ఆలోచన ఉంది అని ఆయన పట్టుకున్నాడు. తర్వాత జెనీవాలో ఏళ్ళ తరబడి పిల్లల పక్కన కూర్చుని మాట్లాడి, 1941లో అలీనా షెమిన్స్కాతో కలిసి సంఖ్య మీద, అదే ఏడాది బార్బెల్ ఇన్హెల్డర్‌తో కలిసి పదార్థం, బరువు, ఘనపరిమాణం మీద పుస్తకాలు తెచ్చాడు. మనందరికీ తెలిసిన గ్లాసులు, మట్టి ముద్దలు, వరసగా పేర్చిన బిళ్ళలు చాలావరకూ ఆ పుస్తకాల్లోవే.

ఇంతకీ ఆ పిల్లాడి బుర్రలో ఏం జరుగుతోంది అంటే, వాడు చూస్తున్నాడు, బాగానే చూస్తున్నాడు, కానీ ఒకసారికి ఒక్క కొలతనే పట్టుకుంటున్నాడు. నీళ్ళు ఎంత ఎత్తుకి వచ్చాయి అన్నదే కనిపిస్తుంది, గ్లాసు ఎంత సన్నబడింది అన్నది దానితో కలిపి చూడలేడు. పైగా వాడు మొదట ఎలా ఉంది, ఇప్పుడెలా ఉంది అనే రెండు కదలని చిత్రాలనే చూస్తాడు, మధ్యలో వంపడం అనే పనిని లెక్కలోకి తీసుకోడు. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఆ పొడుగు గ్లాసులో నీళ్ళు మళ్ళీ పాత గ్లాసులో పోస్తే ఎక్కడిదాకా వస్తాయి అని అడిగి చూడండి, చాలామంది ఐదేళ్ళ పిల్లలు సరిగ్గా పాత గీత దగ్గరే వేలు పెట్టి చూపిస్తారు! అంటే తిరిగి పోస్తే పాతలాగే అవుతుందని వాళ్ళకి తెలుసు. అయినా సరే ఇప్పుడు మాత్రం ఇందులోనే ఎక్కువున్నాయి అంటారు. మనకి ఈ రెండూ ఒకదానికొకటి పొసగవు, వాళ్ళకి ఏ ఇబ్బందీ లేదు. అందుకే తిరిగి పోసి చూపించేస్తే అర్థమైపోతుంది అనే పద్ధతి అంతగా పనిచెయ్యదు, వాళ్ళకి ముందే తెలిసిన దాన్నే మళ్ళీ చూపించినట్టు అవుతుంది అంతే. తిరిగి పొయ్యడం అనేది వాళ్ళ మనసులో వంపడంతో కలిసిపోయి, అది ఎక్కువ చేస్తే ఇది దాన్ని రద్దు చేస్తుంది కాబట్టి మొదట్నుంచీ ఏమీ మారలేదు అనే తర్కంగా మారాలి, ఆ మార్పు లోపల్నుంచే రావాలి.

పిల్లలు మట్టితో ఆడుకునే బల్ల దగ్గర నేను చూసింది ఒకటి చెప్తాను. ఐదేళ్ళు దాటిన ఒక పాప, రెండు సమానమైన ముద్దలు తనే చేసుకుంది, ఒక దాన్నుంచి చిటికెడు తీసి ఇంకోదానికి అంటించి, అరచేతుల్లో రెండూ పెట్టి చూసుకుని ఇప్పుడు సేమ్ అంది. తర్వాత ఒక ముద్దని బల్ల మీద పెట్టి అరచేత్తో ముందుకీ వెనక్కీ దొర్లించడం మొదలుపెట్టింది. కొంచెం పొడుగవగానే ఆపి ఇది ఎక్కువైంది అంది. ఇంకా దొర్లించింది, ఇంకా ఎక్కువ అంది. ఇంకా దొర్లించింది, ఆ పాము బాగా సన్నబడి మధ్యలో తెగేలా ఉంది, అప్పుడు చెయ్యి ఆగింది. దాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చాలాసేపు చూసి, ఇప్పుడు ఇది తక్కువ మిస్, సన్నగైపోయింది అంది. అదే మట్టి, ఎవరూ తీసింది లేదు, పొడుగు కాస్తా సన్నం అయింది. నేను ఏమీ అనలేదు, మరి ఇందాక ఎక్కువ అన్నావ్ కదా అని మాత్రం అడిగా. ఆ పాప అవును అని, మళ్ళీ దాన్ని ముద్ద చేసేసి మొదట్నుంచీ దొర్లించడం మొదలుపెట్టింది, ఈసారి మెల్లగా, మధ్య మధ్యలో ఆగి పొడుగు ఒకసారి, లావు ఒకసారి చూసుకుంటూ. నాకు ఆ రెండోసారి దొర్లించడమే చదువు అనిపిస్తుంది. ఒక కొలత నుంచి ఇంకో కొలతకి చూపు మారింది, రెండూ ఇంకా కలవలేదు, కానీ రెండూ ఉన్నాయని తెలిసింది. సరైన సమాధానం రాలేదు, ఆ రోజు రావాల్సిన అవసరమూ లేదు.

ఇలాంటి సమయంలో నోరు చెప్పేదే వింటే సగం పోతుంది, చేతులు కూడా చూడాలి. బ్రెకిన్‌రిడ్జ్ చర్చ్, సూజన్ గోల్డిన్-మెడో 1986లో సరిగ్గా ఇదే విషయం మీద పరిశోధన ప్రచురించారు. గ్లాసుల ప్రశ్నకి సమాధానం చెప్పేటప్పుడు కొంతమంది పిల్లలు నోటితో ఇది పొడుగ్గా ఉంది కాబట్టి అంటూనే చేత్తో మాత్రం గిన్నె వెడల్పుని చూపిస్తుంటారు, వేళ్ళని సీసా చుట్టూ పట్టుకున్నట్టు పెట్టి. మాటకి ఇంకా రాని కొలత చేతికి వచ్చేసింది అన్నమాట. అలా మాటా చెయ్యీ వేరే వేరే చెప్పే పిల్లలకి నేర్పినప్పుడు, రెండూ ఒకటే చెప్పే పిల్లలకన్నా వాళ్ళే ఎక్కువ లాభపడ్డారు. ఈ ఒక్క విషయం తెలిసిన టీచరు పిల్లాడి ముఖం వైపే కాకుండా చేతుల వైపు కూడా చూస్తుంది, ఎవరు మారడానికి సిద్ధంగా ఉన్నారో పరీక్ష పెట్టకుండానే తెలిసిపోతుంది.

పియాజే చెప్పిందంతా అలాగే నిలబడిపోలేదు, అది కూడా చెప్పాలి. మార్గరెట్ డొనాల్డ్‌సన్, జేమ్స్ మెక్‌గారిగల్ అనే సైకాలజిస్టులు అడిగిన ప్రశ్న నాకు చాలా ఇష్టం. ఒక పెద్దమనిషి పిల్లాడి ముందు కూర్చుని రెండు వరసల్లో బిళ్ళలు సమానమేనా అని అడిగి, అవును అన్నాక, కావాలని ఒక వరసని జరిపి మళ్ళీ అదే ప్రశ్న అడిగితే పిల్లాడు ఏమనుకోవాలి? ఏదో మారింది కాబట్టే మళ్ళీ అడుగుతున్నారు అనుకోడా? అందుకని వాళ్ళు పెట్టెలోంచి ఒక అల్లరి టెడ్డీ బొమ్మ దూకి వరసని చెదరగొట్టేసినట్టు ఏర్పాటు చేశారు. నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లలు 80 మందిలో, పెద్దమనిషి కావాలని జరిపినప్పుడు 13 మందే సమానం అన్న మాట మీద నిలబడ్డారు, టెడ్డీ చెదరగొట్టినప్పుడు 50 మంది. పిల్లలు అవే, వస్తువులు అవే. సూజన్ రోజ్, మేరియన్ బ్లాంక్ 1974లో ఇంకా సింపుల్‌గా, మొదటి ప్రశ్న తీసేసి మార్చిన తర్వాత ఒక్కసారే అడిగారు, ఆరేళ్ళ పిల్లల తప్పులు తగ్గాయి. దీన్నిబట్టి పియాజే మొత్తం తప్పు అనేవాళ్ళున్నారు, నేను ఒప్పుకోను, మట్టి బల్ల దగ్గర ఎవరూ ఏ ప్రశ్నా అడక్కుండానే పిల్లలు తమలో తాము నీదెక్కువ నాది తక్కువ అని గొడవపడటం నేను చూస్తూనే ఉన్నా. కానీ పిల్లలు మన ప్రశ్ననే కాదు, మనం ఆ ప్రశ్న ఎందుకు అడుగుతున్నామో కూడా చదువుతారు అన్నది మాత్రం టీచర్లందరూ రాసి పెట్టుకోవాల్సిన విషయం. ఒకే ప్రశ్న రెండోసారి అడిగితే మొదటిది తప్పేమో అనుకుని మార్చేస్తారు, క్లాసులో రోజూ జరిగేదే.

అమెరికన్ సైకాలజిస్ట్ జెరోమ్ బ్రూనర్ బృందం చేసిన ప్రయోగం కూడా ఇక్కడ చెప్పుకోవాలి. గ్లాసులకి అడ్డంగా తెర పెట్టి, పైఅంచులు మాత్రం కనపడేలా చేసి నీళ్ళు వంపారు, నీళ్ళ ఎత్తు కనపడదు. అప్పుడు అడిగితే చిన్నపిల్లలు కూడా చాలామంది అవే నీళ్ళు కదా, పోసావంతే కదా అన్నారు. తెర తియ్యగానే నాలుగేళ్ళ వాళ్ళు మాట మార్చేశారు, ఐదు దాటిన వాళ్ళు చాలావరకు తమ మాట మీదే ఉన్నారు. నాకైతే ఇందులో పనికొచ్చేది ఏంటంటే ముందు ఊహించమనడం. వంపేముందే ఈ గ్లాసులో ఎక్కడిదాకా వస్తాయనుకుంటున్నావ్, ఒక రబ్బర్ బ్యాండ్ పెట్టు అనండి. చిన్నవాళ్ళు పక్క గ్లాసులో ఎంత ఎత్తుందో అంతే ఎత్తులో పెడతారు. నీళ్ళు ఆ బ్యాండ్ దాటి పైకెళ్ళిపోతాయి, అప్పుడు వాళ్ళ ముఖం మీద వచ్చే ఆ ఆశ్చర్యం ఉంది చూశారూ, అది మనం ఎంత బాగా వివరించినా రాదు.

సంఖ్య దగ్గరికొస్తే ఇది ఇంకా సీరియస్ విషయం, ఎందుకంటే పిల్లాడికి వందదాకా లెక్కలు వచ్చు అని మనం సంబరపడిపోతుంటాం. ఎనిమిది బొత్తాలు ఒక వరస, ఎదురుగా ఎనిమిది ఇంకో వరస, ఒకదానికొకటి జత. ఒక వరసని దూరం దూరంగా జరిపి అడిగితే పొడుగు వరసలో ఎక్కువ అంటాడు, సరే లెక్కపెట్టు అంటే రెండూ లెక్కపెట్టి ఇక్కడ ఎనిమిది, ఇక్కడా ఎనిమిది అంటాడు, మరి ఎందులో ఎక్కువ అంటే మళ్ళీ పొడుగు వరసే! లెక్క తప్పలేదు, కానీ ఆ ఎనిమిది అనే మాట ఇంకా ఎంత ఉన్నాయి అనే దానికి సాక్ష్యంగా మారలేదు. ఆ పిల్లాడికి మనం కూడికలు మొదలుపెడితే ఐదూ మూడూ ఎనిమిది, నాలుగూ నాలుగూ ఎనిమిది అని బట్టీ పడతాడు, బాగా కూడా పడతాడు, కానీ అమర్చే తీరు మారితే సంఖ్యే మారిపోతుందని నమ్మేవాడికి ఆ రెండూ ఒకే ఎనిమిది ఎలా అవుతాయి? చిన్నపిల్లల గణితం మీద పనిచేసిన కాన్స్టన్స్ కామీ జీవితమంతా వాదించింది ఇదే, సంఖ్య అనేది వస్తువుల్లో ఉండదు, పిల్లలు వస్తువుల మధ్య కట్టుకునే సంబంధంలో ఉంటుంది అని, అందుకే ఆవిడ వర్క్‌షీట్ల బదులు పాచికలాటలు, పేకముక్కల ఆటలు, వస్తువులు అందరికీ పంచిపెట్టే పనులు పెట్టమంది. పదిమందికి తలా ఒక కప్పు తెచ్చిపెట్టు అని ఒక పిల్లకి చెప్పడం చాలా మంచి గణితం క్లాసు.

హ్యాండ్స్ ఆన్, అంటే పిల్లలు చేతులతో చేసి నేర్చుకోవడం, అనే మాట ఇప్పుడు ప్రతి చోటా వినిపిస్తోంది. దాని పేరుతో నేను చూసే చాలా క్లాసుల్లో చేతులు టీచరువి. టీచర్ వంపుతుంది, పిల్లలు అర్ధచంద్రాకారంలో కూర్చుని చూస్తారు, చివర్లో అందరూ కలిసి స-మా-నం అని అరుస్తారు. అది డెమో. లేదంటే పిల్లల చేతికే ఇస్తారు గానీ ఏం చెయ్యాలో అడుగడుగునా చెప్తారు, చేతులు కదులుతాయి, బుర్రకి పనుండదు. వంపేది పిల్లాడు అయితేనే వంపడం అనే పని వాడిది అవుతుంది, మళ్ళీ వెనక్కి పొయ్యాలని వాడికే అనిపించాలి, అలా అనిపించడానికి టైము కావాలి, నీళ్ళు ఒలకడానికి అనుమతి కావాలి. నేల తడుస్తుందని భయపడే చోట ఈ పని జరగదు.

నీళ్ళ తొట్టి దగ్గర నేను పెట్టేవి పెద్ద ఖరీదైనవేం కావు. పారదర్శకంగా ఉన్న సీసాలు, లావుగా ఒకటి సన్నగా ఒకటి, కానీ పట్టే నీళ్ళు రెండింటిలో సమానంగా ఉండేలా వెతికి పెడతా, అదొక్కటే నా రహస్యం. గరాటు, ఒకే సైజు చిన్న కప్పులు చాలా. ఆ చిన్న కప్పు చాలా ముఖ్యం, ఎందుకంటే లావు సీసాకి ఆరు కప్పులు, సన్న సీసాకీ ఆరు కప్పులు పట్టాయని ఎవరో ఒకళ్ళు ఏదో ఒకరోజు కనిపెడతారు, అప్పుడు మొదలవుతుంది అసలు గొడవ. ఇసుకతో కూడా ఇదే, ఇసుక మెల్లగా పడుతుంది కాబట్టి చిన్నవాళ్ళకి అదే నయం. చెక్క బ్లాకుల్లో కరొలిన్ ప్రాట్ రూపొందించిన యూనిట్ బ్లాకులు నాకు ప్రాణం, మందం, వెడల్పు, పొడవు ఒకటికి రెండు, రెండుకి నాలుగు లెక్కన ఉంటాయి, రెండు యూనిట్లు కొసకి కొస ఆనించి పెడితే సరిగ్గా ఒక డబుల్ అవుతుంది. గోడ కడుతూ పొడుగు బ్లాకులు అయిపోయినప్పుడు పిల్లాడు రెండు చిన్నవి తెచ్చి అక్కడ పెడతాడు చూడండి, అక్కడ పొడవు విషయంలో ఒక పెద్ద ఆలోచన జరిగిపోయింది, ఎవరూ చప్పట్లు కొట్టరు గానీ.

గొడవ అన్నా కదా, దాని గురించి. పిల్లలు ఇద్దరు వేరే వేరే సమాధానాలు చెప్పినప్పుడు టీచరుకి తీర్పు చెప్పాలనిపిస్తుంది, దయచేసి ఆపుకోండి. ఆన్-నెలీ పెరె-క్లెర్మాన్, విలెమ్ డ్వాజ్ లాంటి జెనీవా పరిశోధకులు 1970ల్లో చూపించింది ఇదే, ఒంటరిగా చెయ్యలేని పిల్లలు తోటిపిల్లలతో కలిసి పంచుకునే పని చేస్తూ వాదించుకున్నాక చాలామంది ముందుకెళ్ళారు. టీచర్ సమానం అంటే పిల్లాడు సరే అంటాడు, ఎందుకంటే టీచర్. పక్కవాడు సమానం అంటే మాత్రం ఎలా అని అడుగుతాడు, వాడు చూపించాలి, అప్పుడు వంపాలి, కొలవాలి. అప్పుడు నేను అడిగేవి చిన్న చిన్న ప్రశ్నలే, నీకెలా తెలిసింది, వాడికి నువ్వెలా చూపిస్తావ్, ఇంకో బాబు ఇందులోనే ఎక్కువ అన్నాడు, వాడికి ఏం చెప్తావ్ అని. ఈ చివరి ప్రశ్న పియాజే పద్ధతిలోదే, నేర్చుకున్న మాట అప్పజెప్పే పిల్లాడు ఇక్కడ తడబడి మాట మార్చేస్తాడు, నిజంగా అర్థమైన పిల్ల మాత్రం వాడు పొడుగే చూశాడు, సన్నం చూడలేదు అనేస్తుంది ఏ మాత్రం తడుముకోకుండా.

తొందర గురించి కూడా ఒక మాట. పిల్లల ఆలోచన ఎదిగే ఈ దశల్ని వేగంగా దాటించడం ఎలా అని అడిగితే పియాజే దాన్ని అమెరికన్ ప్రశ్న అనేవాడు. వేగంగా నేర్పడం అసలు కుదరదని కాదు, రోషెల్ గెల్మన్ 1969లో ఐదేళ్ళ పిల్లలకి ఏ కొలతని పట్టించుకోవాలో, దేన్ని వదిలెయ్యాలో అభ్యాసం చేయించి మంచి ఫలితాలే చూపించింది. కానీ ఒక చోట వచ్చింది కదా అని అన్ని చోట్లా రాదు. ఇన్హెల్డర్, పియాజే లెక్కల్లో మట్టి మొత్తం మారదు అన్నది ఏడెనిమిదేళ్ళకి, బరువు మారదు అన్నది తొమ్మిది పదికి, నీళ్ళలో వేస్తే అంతే చోటు తీసుకుంటుంది అన్నది పదకొండు పన్నెండుకి వస్తుంది, ముద్ద అదే, తర్కం అదే, అయినా ఏళ్ళ తేడా. ఆ వయసులు అందరికీ ఒకేలా ఉండాలనీ లేదు, 1969లో మెక్సికోలో ప్రైస్-విలియమ్స్ బృందం కుండలు చేసే కుటుంబాల పిల్లల్ని చూస్తే మట్టి విషయంలో వాళ్ళు మిగతా పిల్లలకన్నా ముందున్నారు. రోజూ చేతిలో మట్టి ఆడే పిల్లలు మరి. అందుకే నర్సరీలో ఉండే నీళ్ళ తొట్టి, మట్టి బల్ల ఒకటో తరగతికి రాగానే మాయమైపోవడం నాకు అస్సలు మింగుడుపడదు, సరిగ్గా ఆ ఆలోచన పక్వానికి వచ్చే ఏళ్ళలోనే సామాను లాగేసుకుంటున్నాం. తక్కెడతో తూచే పని మాత్రం రెండో తరగతిలో కూడా కావాలి, మూడులో కూడా కావాలి.

ఇంట్లో చూడాలనుకుంటే రెండు గ్లాసులు, ఒక పొడుగు సీసా చాలు. వంపడం పిల్లాడితోనే చేయించండి, మార్చాక ఒక్కసారే అడగండి, వాడు చెప్పిన కారణం వాడి మాటల్లోనే, చెయ్యి ఎలా ఊపాడో దానితో సహా ఒక చీటీ మీద రాసి తేదీ వెయ్యండి. తప్పు దిద్దకండి. నాలుగైదు నెలల తర్వాత మళ్ళీ అడిగి పక్కన రాయండి, మధ్యలో స్నానాల గదిలో మగ్గులతో, కప్పులతో ఆడుకోనివ్వండి. రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చూసి, తేడా ఏం కనిపించిందో కింద కామెంట్లలో చెప్పండి, ముఖ్యంగా సమాధానం అదే ఉండి కారణం మారిన వాళ్ళు తప్పకుండా రాయండి, నాకు అవే ఎక్కువ కావాలి.